కేస్ స్టడీ: రాయల్ రాని ఐదు నెలలు

లాస్ వేగాస్‌లో జూదం ఆడేవాళ్ల లెక్కలు చూడటం నా పని. పన్ను కాగితాలతో మొదలవుతుంది, చాలామంది విషయంలో ఆట లెక్కల దాకా వెళ్తుంది. ఇక్కడ రాస్తున్నది ఒకే ఒక్క కేసు. మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. దీన్నే ఎంచుకోవడానికి కారణం, ఆడే మనిషికి ఆట బాగా వచ్చు. ఆట రానివాళ్లు ఎందుకు పోగొట్టుకున్నారో చెప్పడానికి నాలుగు ముక్కలు చాలు. ఆట వచ్చినవాళ్లు తమ గెలుపోటముల్ని తప్పుగా చదువుకుని పోగొట్టుకుంటే మాత్రం కూర్చుని విడమర్చి చూడాలి.

నేపథ్యం

ఆవిడకి యాభై దాటాయి. అంకెలతో గడిచిన ఉద్యోగం, ముందుగానే విరమించుకున్నారు. రెండేళ్లుగా ఆడుతున్నది ఒకటే వీడియో పోకర్ ఆట: జాక్స్ ఆర్ బెటర్, 9/6 పే టేబుల్ (ఏ చేతికి ఎంత ఇస్తారో చెప్పే పట్టిక), కాయిన్‌కి ఒక డాలర్ చొప్పున ఆడే డాలర్ మెషిన్. మెషిన్ అయిదు ముక్కలు ఇస్తుంది, కావలసినవి పట్టుకుని మిగతావి ఒకసారి మార్చుకోవచ్చు, కనీసం జాకీల జత ఉంటే డబ్బు వస్తుంది. ఐదు కాయిన్లూ వేస్తేనే రాయల్ ఫ్లష్‌కి (ఒకే గుర్తులో పది, జాకీ, రాణి, రాజు, ఆసు) పూర్తి 4,000 కాయిన్లు ఇస్తారు కాబట్టి హ్యాండ్‌కి, అంటే ఒక్కో పంపకానికి, 5 డాలర్లు.

9/6 అంటే ఫుల్ హౌస్‌కి (మూడు ఒకేరకం ముక్కలు, ఒక జత) వేసినదానికి 9 రెట్లు, ఫ్లష్‌కి (అయిదూ ఒకే గుర్తు) 6 రెట్లు. ప్రతి హ్యాండ్‌లో సరైన ముక్కలే పట్టుకుంటే ఈ ఆట దీర్ఘకాలంలో తిరిగి ఇచ్చేది 99.54 శాతం. అందులో దాదాపు 2 శాతం ఒక్క రాయల్ ఫ్లష్‌దే. అది సగటున 40 వేల హ్యాండ్స్‌కి ఒకసారి వస్తుంది. అంటే రాయల్ రానంత కాలం ఎంత బాగా ఆడినా నూటికి రెండున్నర చొప్పున జారుతూనే ఉంటాం. ఈ కేసంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

లాభమంటూ ఉంటే కాసినో ఇచ్చే క్లబ్ కార్డు నుంచే రావాలి. ఆవిడ ఆడే చోట మామూలు రోజుల్లో తిప్పిన మొత్తం మీద 0.25 శాతం క్యాష్‌బ్యాక్, పోస్టులో వచ్చే ఫ్రీ ప్లే కూపన్ల విలువ మరో 0.35 శాతం. అన్నీ కలిపితే 100.14. మూడు రెట్ల పాయింట్లు ఇచ్చే రోజు, అంటే క్యాష్‌బ్యాక్ మూడింతలయ్యే రోజు, 100.64.

ఇప్పుడు గంట లెక్క చూడండి. గంటకి 600 హ్యాండ్స్, 3,000 డాలర్లు తిరుగుతాయి. మామూలు రోజున రావలసింది గంటకి 4 డాలర్ల 20 సెంట్లు. అదే గంటలో ఫలితం ఊగే మామూలు దూరం, అంటే స్టాండర్డ్ డీవియేషన్, ఇటో అటో 540 డాలర్లు. నాలుగు డాలర్లు ఏరుకోవడానికి అయిదొందల నలభై డాలర్ల అల మీద నిలబడాలి. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన ఒకే కాగితం మీద రాసుకున్న ఆటగాళ్లు నాకు చాలా తక్కువమంది కనిపించారు. ఆవిడ కూడా రాసుకోలేదు.

మొదటి రెండేళ్లలో ఆవిడకి రాయల్స్ రావలసినదానికంటే ఎక్కువ వచ్చాయి. దాంతో గెలవడమే మామూలు అనిపించింది. ఆట కోసం విడిగా 40 వేల డాలర్ల ఖాతా పెట్టుకున్నారు, ఇంటి ఖర్చు డబ్బు అందులో కలపలేదు. ఆ క్రమశిక్షణే తర్వాత చాలావరకు కాపాడింది.

ఏ సమస్యతో వచ్చారు

2024 ఆగస్టులో వచ్చారు. అప్పటికి ఐదు నెలలుగా పోతూనే ఉంది. 18,900 డాలర్లు పోయి, ఖాతాలో 21,100 మిగిలాయి. చేతిలో నీలం అట్ట నోటు పుస్తకం. తేదీ, స్థలం, ఎంత గెలిచారు, ఎంత పోయింది, అంతే. గెలిచిన రోజు నీలం ఇంకు, పోయిన రోజు ఎరుపు. పేజీలు తిప్పుతుంటే మార్చి నుంచి అంతా ఎరుపే. మార్జిన్‌లో సన్నగా రాసుకున్న మాటలు: "మెషిన్ చల్లబడింది." "కిటికీ వైపు వరస బాగోలేదు." "ఇవాళ రాబట్టాలి."

"నేను ఆట మర్చిపోయానా, లేక వాళ్లు మెషిన్లు మార్చేశారా? ఈ రెండింట్లో ఏదో ఒకటి తేల్చండి," అన్నారు.

రెండో అనుమానానికి జవాబు సులువు. నెవాడాలో పేకముక్కలు చూపించే మెషిన్‌లో ప్రతి ముక్క వచ్చే అవకాశం నిజమైన 52 ముక్కల కట్టలో ఉన్నంతే ఉండాలని గేమింగ్ నిబంధనల్లోనే ఉంది. మెషిన్ చల్లబడటం, వేడెక్కడం అనేవి లేవు. కాసినో మార్చగలిగేది పే టేబుల్. అది తెర మీద అందరికీ కనిపించేలా రాసే ఉంటుంది. ఈ మాట ఎందుకు గుర్తుపెట్టుకోవాలో కాసేపట్లో తెలుస్తుంది.

లెక్కలు తెరవకముందు ఇంకో పని ఉంది. "ఇవాళ రాబట్టాలి" అన్న మాట చూశాక అది చేయకుండా ముందుకు పోవడం తప్పు. జూద వ్యసనాన్ని గుర్తించడానికి, మానసిక వైద్యులు వాడే డీఎస్‌ఎం-5 అనే పుస్తకంలో తొమ్మిది లక్షణాలు ఉన్నాయి. ఏడాది వ్యవధిలో నాలుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే వ్యసనంగా లెక్కిస్తారు. పోయినదాన్ని రాబట్టడానికి మళ్లీ వెళ్లడం అందులో ఒకటి, ఇంట్లో దాచడం ఒకటి. ఆవిడలో ఈ రెండూ నాకే కనిపించాయి, భర్తకి గెలిచిన రోజుల గురించి మాత్రమే చెప్పేవారు. నేను డాక్టర్ని కాను. అందుకే "ముందు కౌన్సెలర్‌ని కలిసి రండి, ఆ తర్వాతే నా లెక్కలు," అని పంపాను. ఆవిడకి కోపం వచ్చింది, అయినా వెళ్లారు. రెండుసార్లు కూర్చున్నాక, ఆ రెండు లక్షణాలే ఉన్నాయి, గమనిస్తూ ఉంటే చాలు అని కౌన్సెలర్ చెప్పారు. అలా కాక నాలుగో అయిదో ఉన్నాయని చెప్పి ఉంటే ఈ కేసు అక్కడితో ముగిసేది. వ్యసనం ఉన్న మనిషికి మంచి పే టేబుల్ వెతికిపెట్టడం సాయం కాదు.

నష్టాన్ని విడదీయడం

మొదటి నిర్ణయం: 18,900 అన్న ఒక్క అంకెని చూసి ఏ సలహా ఇవ్వకూడదు. ఆ అంకెలో కనీసం మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఆటకి మామూలుగా అయ్యే ఖర్చు, దురదృష్టం, తప్పుడు నిర్ణయాలు. మూడింటికీ మందు వేరు. దురదృష్టానికి అసలు మందే లేదు.

క్లబ్ ఖాతా నుంచి కాయిన్ ఇన్ వివరాలు తెప్పించాం. కాయిన్ ఇన్ అంటే జేబులోంచి తీసిన డబ్బు కాదు, మెషిన్‌లో తిరిగిన మొత్తం. డాలర్ జాక్స్ ఆర్ బెటర్ మీద 80 వేల హ్యాండ్స్, అంటే 4 లక్షల డాలర్లు తిరిగాయి. ఇంకో 12 వేల హ్యాండ్స్ డబుల్ డబుల్ బోనస్ అనే వేరే ఆట మీద. మరో 1,500 హ్యాండ్స్ 5 డాలర్ల మెషిన్ మీద, అంటే హ్యాండ్‌కి 25 డాలర్లు. చివరి రెండింటి ఊసు నోటు పుస్తకంలో ఎక్కడా లేదు. నేను అడిగితే, "ఆ రోజు బాగా పోయింది, అందుకని..." అని ఆగిపోయారు.

నాలుగు లక్షల మీద 9/6 ఆటకి మామూలుగా అయ్యే ఖర్చు 1,840 డాలర్లు. క్యాష్‌బ్యాక్, కూపన్లు కలిపి వచ్చినవి 2,400. ఇక్కడిదాకా ఆవిడ లాభంలోనే ఉన్నారు. 80 వేల హ్యాండ్స్‌లో రావలసిన రాయల్స్ సగటున రెండు, వచ్చినవి సున్నా. రెండింటికి కాస్త తక్కువగా లెక్కేస్తే 7,920 డాలర్లు. ఇది అరుదైన సంగతేమీ కాదు. 80 వేల హ్యాండ్స్‌లో ఒక్క రాయల్ కూడా రాకపోయే అవకాశం దాదాపు 14 శాతం, ఏడుగురిలో ఒకరికి జరిగేదే. మిగతా చిన్నాచితకా దురదృష్టం వల్ల పోయింది 425.

ఇక అసలు సంగతి. జూన్‌లో ఆవిడ ఎప్పుడూ కూర్చునే వరసలో ఫ్లష్ చెల్లింపు 6 నుంచి 5కి తగ్గింది. చూసుకోలేదు. అలా 15 వేల హ్యాండ్స్ 9/5 మీద ఆడారు. అది తిరిగి ఇచ్చేది 98.45 శాతమే. ఆ ఒక్క అంకె ఖరీదు 815 డాలర్లు. ముక్కలు పట్టుకోవడంలో చేసిన తప్పుల ఖర్చు ఇంకో 800, ఆ లెక్క ఎలా తేలిందో కింద చెప్తాను. డబుల్ డబుల్ బోనస్ మీద పోయింది 3,900. 5 డాలర్ల మెషిన్ మీద 5,600.

పోయినవన్నీ కూడి, వచ్చిన 2,400 తీసేస్తే 18,900. అందులో నిర్ణయాల వల్ల పోయింది 11,115.

దీని మీద ఆవిడ వాదించారు, ఆ వాదనలో పస ఉంది. "డబుల్ డబుల్ మీద రావలసిన నష్టం 612 డాలర్లే కదా. 5 డాలర్ల మెషిన్ మీద 170. మిగతాదంతా దురదృష్టమే, నిర్ణయం ఖాతాలో ఎందుకు రాస్తారు?" లెక్క ప్రకారం ఆవిడ చెప్పింది నిజమే. కానీ ఆ దురదృష్టం వచ్చి మీద పడింది కాదు, ఆవిడ డబ్బు పెట్టి కొనుక్కున్నది. జాక్స్ ఆర్ బెటర్ ఊగే దానికి డబుల్ డబుల్ ఒకటిన్నర రెట్లు ఊగుతుంది, 25 డాలర్ల హ్యాండ్ అయిదు రెట్లు ఊగుతుంది. ఆ ఊపుకి ఎవరూ ఒక్క సెంటు కూడా ఎక్కువ ఇవ్వలేదు. ఒక గణితం చూపించాను: 21,100 డాలర్లతో డాలర్ మెషిన్ మీద 0.14 శాతం లాభానికి ఆడుతూ పోతే, ఎప్పటికైనా ఖాతా ఖాళీ అయ్యే అవకాశం సుమారు 55 శాతం. అదే డబ్బు, అదే లాభం, 5 డాలర్ల మెషిన్ అయితే 89 శాతం. అదే డాలర్ మెషిన్ మీద మూడు రెట్ల పాయింట్ల రోజుల్లో మాత్రమే ఆడితే 6 శాతం. మనిషి అదే, నైపుణ్యం అదే, డబ్బూ అదే. ఏ రోజు, ఏ మెషిన్ అన్నదే తేడా. ఆవిడ ఆ మూడు అంకెల వైపు చాలాసేపు చూశారు.

నేను తప్పు చేసిన చోటు

నేను మొదట ఇచ్చిన సలహా పనిచేయలేదు. రోజుకి 600 డాలర్లు పోతే లేచిపోవాలని గీత గీశాను. కంగారులో 5 డాలర్ల మెషిన్ వైపు వెళ్లకుండా ఉంటుందని నా ఆలోచన. నష్టానికి గీత గీస్తే ఆట లాభం పెరగదని నాకు తెలుసు. ఆట మొత్తం ఒకటే పొడవాటి సెషన్, మధ్యలో ఇంటికెళ్లి పడుకున్నంత మాత్రాన మెషిన్‌కి ఏమీ తెలియదు. కనీసం మనసుకి కళ్లెంగా ఉంటుందనుకున్నాను.

ఆరు వారాలు చూశాం. మూడు గంటల ఆటలో ఫలితం ఊగే దూరమే 937 డాలర్లు. అలాంటప్పుడు 600 గీత దాదాపు రెండుసార్లకోసారి తగులుతుంది. గీసేముందే ఈ లెక్క వేయాల్సింది, వేయలేదు. ఆరు మూడు రెట్ల పాయింట్ల రోజుల్లో నాలుగు రోజులు ఆవిడ గంట, గంటన్నరకే లేచిపోయారు. ఏడాదిలో ఆడదగ్గ గంటలంటూ ఉంటే అవే, వాటినే నా గీత కోసేసింది. పైగా తొందరగా లేచిన వెలితితో మర్నాడు మామూలు రోజున మళ్లీ వెళ్లేవారు. మంచి గంటలు తగ్గి, పనికిరాని గంటలు పెరిగాయి. గీత తీసేశాను, ఎందుకు తీసేస్తున్నానో కూడా ఆవిడకి చెప్పాను.

రెండో ప్రయత్నం కాగితం మీద చాలా అందంగా ఉంది. ఫుల్ పే డ్యూసెస్ వైల్డ్ అనే ఆట 100.76 శాతం తిరిగి ఇస్తుంది. క్వార్టర్ మెషిన్ మీద, అంటే కాయిన్‌కి పావు డాలర్ చొప్పున, హ్యాండ్‌కి డాలరుం పావు. గంటకి రావలసింది 5 డాలర్ల 70 సెంట్లు, ఊగే దూరం 155 డాలర్లే. మామూలు రోజున డాలర్ జాక్స్ ఆర్ బెటర్ ఇచ్చే 4.20 కంటే ఎక్కువ, ఊపు మూడో వంతు కూడా లేదు. పెద్ద మెషిన్ మీద పెద్ద డబ్బు వస్తుందన్న నమ్మకాన్ని ఇంతకంటే సూటిగా తోసిపుచ్చే లెక్క నాకు తెలియదు. ఈ మెషిన్లు దొరికే చోట్లు మాత్రం తగ్గిపోతున్నాయి.

కానీ అక్కడ రెళ్లు నాలుగూ జోకర్లు. జత వస్తే ఏమీ ఇవ్వరు, మూడు ఒకేరకం ముక్కలు వస్తే వేసిన డబ్బు తిరిగొస్తుంది. జాకీకి, రాణికి ఉన్న గౌరవమంతా పోతుంది. చేతిలో ఏమీ లేనప్పుడు ఒంటరి జాకీని పట్టుకోకుండా అయిదు ముక్కలూ వదిలేయాలి. రెండేళ్లు జాకీల్ని పట్టుకున్న చేతికి అది రాలేదు. శిక్షణ సాఫ్ట్‌వేర్ మీద చూస్తే ఆవిడ తప్పుల ఖర్చు 0.9 శాతం, ఆట ఇచ్చే లాభమే 0.76. ఆర్నెల్లు కూర్చుంటే నేర్చుకునేవారే. అప్పటి స్థితిలో ఆవిడకి కావలసింది కొత్త ఆట కాదని నిర్ణయించి ఆపించాను. ఆ నిర్ణయం సరైనదేనా అని ఇప్పటికీ అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను.

పనిచేసింది

నోటు పుస్తకంలో గళ్లు మార్చాం. "గెలుపు, ఓటమి" అన్న గళ్లు తీసేసి "రావలసింది, వచ్చింది, ఊగే దూరం" అని మూడు పెట్టాం. ఒకటే ఇంకు. రావలసింది అంటే కాయిన్ ఇన్‌ని ఆ రోజు లాభ శాతంతో గుణించగా వచ్చేది. మార్జిన్‌లో ఫలితం గురించి ఒక్క మాట కూడా రాయకూడదు. పే టేబుల్ చూశారా, ఏ హ్యాండ్ దగ్గర అనుమానం వచ్చింది, ఎన్ని గంటలకి లేచారు, ఇవి మాత్రమే రాయాలి.

కొత్త పుస్తకంలో మొదటి పెద్ద ఓటమి రోజు పేజీ నాకు బాగా గుర్తు. 1,800 హ్యాండ్స్, తిరిగింది 9,000. రావలసింది: 57.60. వచ్చింది: మైనస్ 1,140. ఊగే దూరం: 937. పక్కన ఆవిడ స్వయంగా భాగించి రాసుకున్నారు: 1.3. దాని కింద "పే టేబుల్ చూశాను, 9, 6. ఎనిమిదిన్నరకి లేచాను." అంతే. వెనకటి పుస్తకంలో అయితే ఆ రోజు 5 డాలర్ల మెషిన్ దగ్గర తేలేది. 1,140 అన్న అంకె ఒంటరిగా ఉంటే గుండెలో పొడుస్తుంది. పక్కన 937 ఉంటే, ఇది మామూలుగా ఊగే దూరానికి కాస్త అవతలే కదా అనిపిస్తుంది.

నష్టానికి బదులు సమయానికి గీత గీశాం. మూడు గంటలు. దీనికి ఆధారం ఉంది. ఆవిడ చేత అయిదు గంటలు ఆడి ఇంటికొచ్చిన వెంటనే శిక్షణ సాఫ్ట్‌వేర్ మీద 500 హ్యాండ్స్ ఆడించాను, అలాగే ఒక ఆదివారం పొద్దున్న తాజాగా ఉన్నప్పుడూ ఆడించాను. పొద్దున్న తప్పుల ఖర్చు దాదాపు ఏమీ లేదు. రాత్రి ఆట మీద సగటు వేస్తేనే ఆ 0.2 శాతం, పైన చెప్పిన 800 డాలర్లు తేలాయి. తప్పులన్నీ ఒకే తీరువి. ఒక హ్యాండ్ ఇది: ఇస్పేటు రాజు, రాణి, జాకీ, ఆఠీను జాకీ, డైమను నాలుగు. సరైన ఆట జాకీల జత పట్టుకోవడం. అలా చేస్తే ఆ 5 డాలర్ల విలువ సగటున 7 డాలర్ల 68 సెంట్లు. మూడు ఇస్పేట్లూ పట్టుకుంటే 7 డాలర్ల 44 సెంట్లు. ఆవిడ ఇస్పేట్లు పట్టుకున్నారు. రావలసిన రెండు ముక్కలూ కలిసి వచ్చే అవకాశం 1,081లో ఒకటి. పొద్దున్న అదే హ్యాండ్ ఇస్తే అరక్షణంలో జాకీల మీద నొక్కారు.

"ఆట మర్చిపోయానా?" అని ఆవిడ అడిగిన ప్రశ్నకి అక్కడ జవాబు దొరికింది. మర్చిపోలేదు. రాయల్ రాని బాధ చేతిలోకి దిగింది. హ్యాండ్‌కి పోయేది పావలా డాలర్ కూడా కాదు కాబట్టి ఎక్కడా కనిపించదు, నొప్పీ తెలియదు. గంటకి 4 డాలర్ల 20 సెంట్లు వచ్చే ఆటలో అలాంటి హ్యాండ్స్ గంటకి పదిహేడు, పద్దెనిమిది అయితే మొత్తం హుష్‌కాకి.

ఆడే రోజుల్నీ కుదించాం. వారానికి ఒక్కసారి, మూడు రెట్ల పాయింట్ల రోజున మాత్రమే. ఖాతా 14 వేలకి దిగితే సగం డాలర్ మెషిన్‌కి మారాలి. ఆ నిర్ణయం ముందే, ప్రశాంతంగా ఉన్న రోజున, రాసి సంతకం పెట్టారు. నోటు మెషిన్‌లో పెట్టేముందు ఫుల్ హౌస్ గీత, ఫ్లష్ గీత వేలితో తాకి చూడాలి. పదోసారి కూర్చుంటున్న మెషిన్ అయినా సరే.

ఇంకోటి ఆవిడ తనంతట తానే చేశారు, నేను అడగలేదు. నెల మొదటి ఆదివారం పుస్తకం భర్త ముందు పెట్టడం మొదలుపెట్టారు. మూడు గళ్లూ ఆయనకి వివరించేవారు. వివరించాల్సి రావడమే ఆవిడకి ఎక్కువ నేర్పిందని నా అనుమానం.

2025 ఎలా గడిచింది

జనవరి 1న ఖాతాలో 20,800. ఏడాదిలో 50 సెషన్లు, 90 వేల హ్యాండ్స్, నాలుగున్నర లక్షల డాలర్లు తిరిగాయి. రావలసింది 2,880 డాలర్ల లాభం. వచ్చింది 1,450 డాలర్ల నష్టం.

అవును, నష్టమే. ఈ కేసుని ఫలించిన కేసుగా రాయడానికి నేను వెనకాడకపోవడానికి కారణం పుస్తకంలో ఉంది. రావలసినదానికీ వచ్చినదానికీ తేడా 4,330. 90 వేల హ్యాండ్స్‌కి ఊగే దూరం 6,625. అంటే ఒక్క ఊపు కూడా దాటలేదు. రావలసిన రాయల్స్ రెండుంపావు, వచ్చింది ఒకటి. తేడా అంతా అక్కడే ఉంది. 5 డాలర్ల మెషిన్ మీద సున్నా హ్యాండ్స్. డబుల్ డబుల్ మీద సున్నా. 9/5 మీద సున్నా. వేసవిలో ఒక వరస 9/5కి మారిన రోజునే కనిపెట్టి, లేచి వేరే వరసకి వెళ్లారు. ఆదివారం పరీక్షల్లో తప్పుల ఖర్చు ఏడాదంతా నామమాత్రమే. ఆగస్టులో ఖాతా 15,600కి జారింది. 14 వేల గీత దగ్గరపడుతుంటే ఆవిడ ఫోన్ చేసి, "ఇంకో రెండు చెడ్డ వారాలొస్తే సగం డాలర్‌కి దిగాలి, అది ఏ వరసలో ఉందో చూసి పెట్టుకున్నాను," అన్నారు. గొంతులో కంగారు లేదు.

రాయల్ అక్టోబర్‌లో వచ్చింది. కళావరు పది, రాణి, రాజు, ఆసు ఒక్కసారే పడ్డాయి, అయిదో ముక్క కళావరు మూడు. అప్పటికే ఫ్లష్, 30 డాలర్లు చేతిలో ఉన్నట్టే. మూడు వదిలేయాలి. కావలసిన జాకీ వచ్చే అవకాశం 47లో ఒకటి, అయినా అదే సరైన ఆట. వదిలారు, జాకీ పడింది. 4,000 డాలర్లు, పెద్ద గెలుపుని పన్ను శాఖకి తెలిపే డబ్ల్యు-2జి ఫారం, సంతకం. పుస్తకంలో ఆ రోజు పేజీ మిగతా పేజీల్లాగే ఉంది. వచ్చింది గడిలో పెద్ద అంకె ఉంది. "తొమ్మిదింటికి లేచాను," అని ఉంది.

ఈ కేసు తర్వాత నా పద్ధతి కొంత మారింది. కాయిన్ ఇన్ వివరాలు చూడకుండా ఎవరికీ సలహా ఇవ్వడం లేదు. గెలుస్తున్నవాళ్ల పుస్తకాలు కూడా అంతే గట్టిగా చూస్తున్నాను. ఆవిడ అసలు పొరపాటు ఎరుపు ఇంకు రోజుల్లో మొదలుకాలేదు, ఎక్కువ రాయల్స్ వచ్చిన నీలం ఇంకు ఏళ్లలోనే మొదలైంది. అప్పుడే ఎవరైనా "రావలసినదానికంటే ఇంత ఎక్కువ వచ్చింది, ఇది మీది కాదు, తిరిగి పోవచ్చు," అని చెప్పి ఉంటే 2024 వేరేగా గడిచేదేమో. నష్టానికి గీత అడిగేవాళ్లకి ఇప్పుడు ముందు వాళ్ల ఊగే దూరం లెక్కేసి చూపిస్తున్నాను.

పన్ను

ఇది విడిగా రాయాలి, ఎందుకంటే 2026 నుంచి లెక్క మారింది. వృత్తిగా ఆడనివాళ్లు గెలిచిన సెషన్ల మొత్తాన్ని ఆదాయంగా చూపించాలి. పోయిన సెషన్ల మొత్తాన్ని ఐటమైజ్ చేస్తేనే, అంటే అందరికీ ఇచ్చే స్థిరమైన తగ్గింపు వదులుకుని ఖర్చుల్ని విడివిడిగా చూపిస్తేనే, అదీ గెలిచినదాన్ని మించకుండా, తగ్గించుకోవచ్చు. అందుకే తేదీ, స్థలం, మెషిన్, మొత్తం అన్నీ ఏ రోజుకారోజు రాసిన పుస్తకం ఉండాలి. 2025లో ఆవిడ గెలిచిన 19 సెషన్లు 18,200, పోయిన 31 సెషన్లు 24,600, క్యాష్‌బ్యాక్, కూపన్లు కాకుండా. ఐటమైజ్ చేస్తే గెలిచినదాని మీద పన్ను పడేది ఏమీ లేదు.

2026 నుంచి పోయినదాంట్లో 90 శాతమే లెక్కలోకి వస్తుంది. డబ్ల్యు-2జి ఇచ్చే హద్దు 1,200 నుంచి 2,000కి పెరిగింది, అది కాగితాలు తగ్గిస్తుంది గానీ పన్ను తగ్గించదు. పోయినదాంట్లో 90 శాతం కూడా గెలిచినదాన్ని మించేంతగా ఓడిన ఏడాదికి ఈ నియమం తగలదు. ఆవిడ 2025 లెక్కనే కొత్త నియమంలో వేసినా సున్నాయే వస్తుంది. గట్టిగా తగిలేది బాగా ఆడి, రాయల్స్ సక్రమంగా వచ్చిన ఏడాదికి. అదే పుస్తకంలో ఇంకో రెండు రాయల్స్ ఉన్నాయనుకోండి: గెలిచింది 26,200, పోయింది 24,600. పాత లెక్కలో 1,600 మీద పన్ను. కొత్త లెక్కలో 4,060 మీద. చేతికి రాని 2,460 డాలర్ల మీద కూడా పన్ను కట్టాలి.

ఈ జనవరిలో ఆవిడ కొత్త పుస్తకంతో వచ్చారు. మూడు గళ్ల పక్కన నాలుగోది తనే గీసుకున్నారు, దాని పేరు ఇంకా పెట్టలేదు. మూడు రెట్ల పాయింట్ల రోజు లాభం 0.64లో ఈ పన్ను ఎంత తింటుంది, ఆ మిగిలినదానికి డాలర్ మెషిన్ మీదే ఉండాలా, సగం డాలర్‌కి దిగాలా అన్నది ఇద్దరం కూర్చుని లెక్కేస్తున్నాం. అది తేలేదాకా ఆవిడ ఆడటం లేదు.